పిలిచింది రవ్వను, పలికింది జెల్ల

నీళ్ల మీద బెండు రెండుసార్లు తల ఊపింది. మూడోసారి మునిగింది. తంగూసు బిగుసుకుంది. గట్టు మీద గొంతుక్కూర్చున్న మనిషి ఒక్క ఉదుటున లేచి కర్ర వెనక్కి లాగాడు. పొద్దున్నుంచీ అతని కళ్లలో మెదులుతున్నది ఒక్కటే: పెద్ద పొలుసులు, ఎర్రబారిన రెక్కలు ఉన్న కిలో రవ్వ. గట్టెక్కింది మాత్రం జారుడు ఒళ్లు, మీసాలు, చెయ్యి పెడితే గుచ్చే ముళ్లు ఉన్న జెల్ల.

ఉప్పల్, నాచారం చుట్టుపక్కల గాలం వేసే అలవాటున్నవాళ్లకు ఇది కొత్త కాదు. రవ్వ కోసమో, బొచ్చె కోసమో, బంగారు తీగ కోసమో ఎర కట్టుకుని బయల్దేరతారు. తగిలేది జెల్ల, మార్పు, ఇంగిలాయి, లేదంటే అరచేతిలో సగం కూడా లేని జిలేబీ చేప. విసుక్కుంటూ కొక్కెం ఊడదీస్తారు. ఆ తర్వాత జరిగేది మూడింట్లో ఒకటి: చేప మళ్లీ నీళ్లలో పడుతుంది, సంచిలో పడుతుంది, లేదా గట్టు మీద దుమ్ములో పడుతుంది.

ఇక్కడే ఒక పాత ప్రశ్న తల ఎత్తుతుంది. అతను జెల్లను కోరలేదు. కోరని జెల్ల పెదవిలో అతని ఇనుప ముల్లు దిగింది. ఆ గాయం ఎవరి ఖాతాలో రాయాలి? అనుకోకుండా చేసిన హింస పాపమా, పొరపాటా? ధర్మశాస్త్రాలు, సూత్రాలు, పురాణాలు రెండున్నర వేల ఏళ్లుగా తిరగేసి మరగేసి చూస్తున్న ఈ ప్రశ్నకు చెరువుగట్టు మంచి పరీక్షాస్థలం.

ముందు గాలం విద్య సంగతి చూడాలి. కోరని చేప రాకుండా చూసుకోవడం చాలావరకు మనిషి చేతిలో పనే. వానపాము గుచ్చితే జెల్ల, మార్పు, ఇంగిలాయి వాసన పట్టుకుని వస్తాయి. కప్పపిల్లను గుచ్చితే కొర్రమట్ట వస్తుంది. గోధుమపిండి ముద్ద, తవుడు, వేరుశనగ చెక్క అయితే రవ్వ, బంగారు తీగ దగ్గరికి చేరతాయి. ముద్ద మెత్తగా ఉంటే పరకలు, జిలేబీలు గిల్లి గిల్లి ఖాళీ చేస్తాయి కనుక చెయ్యి తిరిగినవాళ్లు ఉడికించిన శనగ, మక్క గింజ లాంటి గట్టి ఎరకు మారతారు. చిన్న నోటికి అది పట్టదు. లోతు కూడా జాతిని ఎంచుతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీటిలో మేస్తుంది. రవ్వది నడిమి నీరు. మోసు, బంగారు తీగ అడుగున బురద కదుపుతాయి. మీసాల చేపలదీ అడుగే, అందులోనూ చీకటి పడ్డాక వాటి రాజ్యం. అందుకే రవ్వ కావలసినవాడు పొద్దు గుంకకముందే గాలం చుట్టేయడం మేలు.

ఇంగ్లండ్‌లో కార్ప్ (మన బంగారు తీగ) వేట ఒక పెద్ద శాస్త్రమే అయింది. అక్కడ ఫ్రెడ్ విల్టన్ అనే వేటగాడు పిండి, గుడ్డు కలిపి ఉడకబెట్టిన గట్టి ఉండలకు ప్రాచుర్యం తెచ్చాడు. చిన్న చేపలు వాటిని కొరకలేవు. 1980 ప్రాంతంలో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ ఎరను కొక్కేనికి గుచ్చకుండా, వెంట్రుకంత సన్నని దారంతో పక్కన వేలాడదీసే పద్ధతి కనిపెట్టారు. నీటితో పాటు ఎరను పీల్చుకునే కార్ప్ అలవాటును గమనించి చేసిన ఏర్పాటు అది.

ఇంత విద్య ఉందంటే అర్థం ఏమిటి? వానపాము గుచ్చి, అడుగుకు దించి, రాత్రి ఎనిమిదింటికి కూర్చున్న మనిషి జెల్ల తగిలినప్పుడు ‘అనుకోలేదు’ అంటే ఆ మాటకు బరువు తక్కువ. కోరలేదన్నది నిజం. తెలియదన్నది నిజం కాదు.

ఈ తేడా మీదే బౌద్ధులు, జైనులు పట్టుబట్టి వాదించుకున్నారు. మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తం ఆ వాదానికి వేదిక. మనసు, మాట, శరీరం – ఈ మూడింటి ద్వారా జరిగే తప్పుల్లో ఏది బరువైనది? మహావీరుడి పక్షం శరీరంతో చేసినదే బరువైనదంటుంది. బుద్ధుడు మనసుకే పెద్దపీట వేస్తాడు. ఆయన లెక్కలో చేతనే, అంటే సంకల్పమే, కర్మ. ఆ లెక్క ప్రకారం జెల్ల విషయంలో గాలం వేసినవాడికి కొంత ఊరట దొరుకుతుంది. రవ్వ విషయంలో మాత్రం దొరకదు.

ఉప్పల్ రింగు రోడ్డులో వరంగల్ బస్సు ఎక్కి ఆలేరు దగ్గర దిగితే కొలనుపాక దగ్గరే. అక్కడి జైన ఆలయం ఈ నేల మీద అహింసావాదానికి ఎంత పాత వేళ్లున్నాయో గుర్తుచేస్తుంది. జైనం హింసకు ఇచ్చిన నిర్వచనం పైన చెప్పిన వాదం కంటే సూక్ష్మమైనది. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం ప్రకారం ప్రమాదంతో ప్రాణం తీయడం హింస. ‘ప్రమాదం’ అంటే మనం వాడుకలో అనుకునే యాక్సిడెంట్ కాదు, ఏమరుపాటు. జాగ్రత్తగా చూసుకుంటూ నడిచే ముని కాలి కింద చీమ పడితే ఒక లెక్క, చూసుకోకుండా నడిచేవాడి కాలి కింద పడితే మరో లెక్క. చూసుకోని నడకలో చీమ చావకపోయినా దోషం అంటుకోకపోదు.

ఈ కొలబద్ద పెడితే గట్టు మీది సంగతి తారుమారవుతుంది. ఎర ఏది, లోతు ఎంత, వేళ ఏది, కొక్కెం ఎంత పెద్దది అన్నవి వేట నైపుణ్యం దగ్గర ఆగవు. అవే ఏమరుపాటుకు, ఎరుకకు మధ్య గీతలు. అలాగని జైన ముని గాలం వేసేవాడి వీపు తడతాడని కాదు. గృహస్థుల హింసను జైనులు నాలుగు రకాలుగా విడదీశారు: వంట, ఇల్లు నడపడంలో తప్పనిది, వృత్తిలో తప్పనిది, ఆత్మరక్షణలో తప్పనిది, కావాలని చేసేది. మొదటి మూడింటికీ గృహస్థుకు కొంత వెసులుబాటు ఉంది, నాలుగోదానికి లేదు. సెలవుపూట సరదాకి రవ్వను పట్టడం ఆ నాలుగో గదిలోకే వెళ్తుంది. జెల్ల ఏమరుపాటు కింద, రవ్వ సంకల్పం కింద నమోదవుతాయి. రెండు పద్దులూ ఒకే మనిషివి.

మరి చేపకు నొప్పి తెలుస్తుందా? 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, అసిటిక్ ఆమ్లం ఎక్కించి చూశారు. ఆమ్లం పడిన చేపలు పెదవులను గులకరాళ్లకు రుద్దుకున్నాయి. మేత ముట్టడానికి చాలాసేపు పట్టింది. హానిని పసిగట్టే నరాలు వాటి ముఖంలో ఉన్నాయని ఆ పరిశోధన చెప్పింది. చేప మెదడులో మనకున్నలాంటి పొర లేదు కనుక అది మనలా నొప్పిని అనుభవించలేదని జేమ్స్ రోజ్ వంటివారు వాదించారు. తగువు ఇంకా తెగలేదు. ఇలాంటి సందేహం ఉన్నప్పుడు ఎటువైపు మొగ్గాలన్నది ప్రయోగశాల చెప్పలేని సంగతి.

స్విట్జర్లాండ్ తన చట్టంలో ఒక జవాబు రాసుకుంది. తిరిగి వదిలేయాలనే ఉద్దేశంతో చేపలు పట్టడం అక్కడ నిషిద్ధం. తినడానికి పట్టు, లేదంటే పట్టకు. ఆట కోసం ఒక ప్రాణిని నోట ముల్లు దించి లాగి, ఫొటో తీసుకుని వదిలేయడంలో దయ ఏముందని ఆ చట్టం వెనక ఉన్న ఆలోచన. పట్టి వదలడమే మర్యాద అని నమ్మే ఇంగ్లండ్ వేటగాళ్లకు ఇది మింగుడు పడదు.

తెలంగాణలో తరతరాలుగా చేపల వృత్తిలో ఉన్న గంగపుత్రులు, ముదిరాజులు ఈ గొడవ వింటే నవ్వవచ్చు. వల లాగినప్పుడు రవ్వ, బొచ్చెలతో పాటు పరకలు, జెల్లలు, కొర్రమట్టలు అన్నీ వస్తాయి. పెద్దవి బజారుకు, చిన్నవి ఇంటి పులుసుకో, ఎండబెట్టడానికో వెళ్తాయి. వదిలేసేది తక్కువ. ‘అక్కర్లేని చేప’ అనే మాట చాలావరకు ఒక్క జాతి మీదే కన్నేసిన సరదా వేటలో పుట్టింది. పైగా ధర చూస్తే కథ తిరగబడుతుంది. రవ్వ కోసం కూర్చున్నవాడికి అడ్డొచ్చిన కొర్రమట్ట బజారులో రవ్వ కంటే ఖరీదైనది. 2016లో తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసం రోగుల గొంతులోకి జార్చే చేప ప్రసాదంలో ఉండేదీ కొర్రమట్ట పిల్లే.

ఏ చేప కావాలి, ఏది వద్దు అన్నది నాలుక ఒక్కటే తేల్చలేదు. మతాలూ తేల్చాయి, అదీ ఒకదానికొకటి పొసగకుండా. మను ధర్మశాస్త్రం అయిదో అధ్యాయం చేపలు తినేవాడిని సర్వమాంస భక్షకుడిగా లెక్కగట్టి, వెంటనే కొన్నిటికి మినహాయింపు ఇస్తుంది. దేవతలకు, పితరులకు పెట్టే కార్యాల్లో రోహితం, పాఠీనం పనికివస్తాయి. రోహితం మన రవ్వ. 1822లో గంగానది చేపల మీద పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దాని శాస్త్రీయ నామంలోనూ ఆ సంస్కృత పదాన్నే ఉంచాడు. పాఠీనం వాలుగ లాంటి మీసాల చేప అని పండితులు చెబుతారు. యూదుల లేవీయకాండం రెక్కలు, పొలుసులు రెండూ ఉన్న చేపనే తినమంటుంది. రవ్వ నెగ్గుతుంది, వాలుగ ఓడిపోతుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచి హైదరాబాద్‌లో ఉన్న షియాల జాఫరీ న్యాయమూ పొలుసులనే చూస్తుంది. హనఫీ న్యాయం చేప అనదగిన ప్రతిదాన్నీ హలాల్ అంటుంది. మత్తయి సువార్త పదమూడో అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలో వల నానా రకాల చేపలను లాగుతుంది. జాలరులు ఒడ్డున కూర్చుని మంచివాటిని గంపలకెత్తి, చెడ్డవాటిని పారేస్తారు. యుగాంతంలో దేవదూతలు చేసే పని కూడా అదేనని అక్కడ అర్థం. అంటే ఉప్పల్‌లో ఒకే బల్ల ముందు నిలబడిన నలుగురికి ‘అక్కర్లేని చేప’ నాలుగు రకాలుగా కనిపించవచ్చు. జెల్ల మాత్రం అదే జెల్ల.

ఇక స్థానికత సంగతి తవ్వితే గట్టు మీది నమ్మకాలు ఇంకాస్త జారుతాయి. ఎంతో ఇష్టంగా పట్టుకునే బంగారు తీగ ఈ నేలది కాదు. దాని ఒక రకం 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు, మరో రకం 1957లో బ్యాంకాక్ నుంచి వచ్చింది. గడ్డి చేప, వెండి చేప 1959లో దిగాయి. జిలేబీ చేప 1952లో వచ్చింది. మన జెల్ల మాత్రం ఇక్కడి నీళ్లలోనే పుట్టింది. ఆస్ట్రేలియాలో కథ పూర్తిగా అటుది ఇటు. అక్కడ కార్పే పీడ. క్వీన్స్‌లాండ్‌లో పట్టుకున్న కార్ప్‌ను ప్రాణంతో నీళ్లలో వదలడం నేరం. అమెరికాలోని ఇలినాయ్ నదిని వెండి చేప ఆక్రమించింది. దాన్ని తినమని జనానికి నచ్చజెప్పడానికి 2022లో ‘కోపి’ అని కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది.

నాచారం పెద్దచెరువు, ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువులు ఈ చర్చను గాలం నుంచి ఊరి మీదికి మళ్లిస్తాయి. ఈ చెరువుల చుట్టూ కాలనీలు, పరిశ్రమలు పెరిగాయి, వాటి మురుగు వీటిలోకే దారి వెతుక్కుంది. నల్లచెరువు దగ్గర మురుగు శుద్ధి కేంద్రం కట్టాల్సి వచ్చింది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే రవ్వకు, బొచ్చెకు హాయి. మురుగు చేరి అది పడిపోతే అవి తెల్లారేసరికి నీళ్లపై తేలతాయి. మార్పు, ఇంగిలాయి, కొర్రమట్టలకు గాలి పీల్చుకునే అదనపు ఏర్పాటు ఉంది. అవి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి కిందికి పోతాయి. జిలేబీ చేప కూడా మొండిదే. అంటే ఈ నీళ్లలో రవ్వ తగ్గి మీసాల చేప పెరిగితే దాని వెనక ఊరి చెయ్యి ఉంటుంది. హబ్సిగూడలోనో చిలుకానగర్‌లోనో ఇంట్లో నీళ్లు పారబోసిన ఎవరికీ రవ్వను చంపాలనే సంకల్పం లేదు. బౌద్ధుల లెక్క ఇక్కడ ఊరిని వదిలేయవచ్చు. ఉమాస్వాతి లెక్క వదలదు.

ప్రభుత్వం 2016–17 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకం నడిపింది. చిన్న చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, పెద్ద జలాశయాలకు 80–100 మిల్లీమీటర్ల పిల్లలు. బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ వీటిలో ముఖ్యమైనవి. వదిలిన పిల్ల బతకడం వదిలిన నీటి మీదే ఆధారపడి ఉంటుంది.

వదలడం అనే మాట దగ్గరికి వస్తే పోతన గుర్తుకొస్తాడు. అదే వరంగల్ రోడ్డు మీద ఇంకా ముందుకు పోయి, పాలకుర్తి వైపు తిరిగితే ఆయన ఊరు బమ్మెర. ఆయన భాగవతం ఎనిమిదో స్కంధంలో సత్యవ్రతుడి కథ ఉంది. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న రాజు దోసిట్లోకి, పిలవకుండానే, ఒక చిన్న చేప వచ్చింది. రాజు దాన్ని తిరిగి నదిలో వదిలాడు. వదలడమే దయ అనుకున్నాడు. పెద్ద చేపలు చిన్నవాటిని మింగే నీళ్లలో తనను వదిలేస్తావా అని ఆ చేప అడిగింది. రాజు దాన్ని కమండలంలో ఉంచాడు. రాత్రికి రాత్రే కమండలం చాలలేదు. తర్వాత పెద్ద పాత్ర, మడుగు, చెరువు, చివరికి సముద్రం. అది విష్ణువు.

ఇప్పుడు అదే కథ నగరంలో వికృతంగా నడుస్తోంది. గాజుతొట్టెలో నాచు తింటుందని కొనుక్కొచ్చిన సక్కర్ ఫిష్ వేలెడంత ఉంటుంది. పెరుగుతుంది. తొట్టె చాలదు, టబ్బు చాలదు. చంపడానికి మనసొప్పక యజమాని చెరువులో వదిలి పుణ్యం చేశాననుకుంటాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపను మన జాలరులు దెయ్యం చేప అంటున్నారు. ఒంటినిండా ఎముక కవచం, వల చించే ముళ్లు. ఇతర చేపల మేతను, గుడ్లను లాగేసుకుంటుంది. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కరిగివున్న డీఎన్ఏ జాడలతో ఏ చెరువులో ఏ ప్రాణి ఉందో పసిగట్టే పద్ధతి తయారు చేశారు. ఆ పద్ధతితో చూస్తే తూర్పు కనుమల నీటివనరుల్లో సగానికి పైగా చోట్ల ఈ చేప ఆనవాళ్లు బయటపడ్డాయి. సత్యవ్రతుడి దయకు, తొట్టె యజమాని దయకు మధ్య తేడా వదిలేముందు అడిగిన ప్రశ్నలో ఉంది. ఒకచోట చేపే అడిగింది. రెండోచోట ఎవరూ అడగలేదు.

పిలవకుండా వలలో పడ్డవాళ్ల కథల్లో భారతం చెప్పినదానికి సాటి లేదు. తిక్కన తెనిగించిన ఆనుశాసనిక పర్వంలో అది ఉంది. చ్యవన మహర్షి గంగా యమునల సంగమంలో నీళ్లలోనే పన్నెండేళ్లు తపస్సు చేశాడు. చేపలు ఆయనకు అలవాటైపోయాయి. ఒకనాడు జాలరులు వల లాగితే చేపలతో పాటు, ఒంటినిండా నాచు, గవ్వలు పట్టిన ఋషి గట్టుకు వచ్చాడు. వాళ్లు హడలిపోయారు. తెలియక చేశామని కాళ్ల మీద పడ్డారు. ఆయన శపించలేదు. చుట్టూ గిలగిల కొట్టుకుంటున్న చేపలను చూశాడు. ఇన్నాళ్లు వీటితో ఉన్నాను, వీటిని విడిచి పోను, చస్తే వీటితో చస్తాను, అమ్మితే వీటితో పాటు అమ్మండి అన్నాడు. కబురు అందుకున్న రాజు నహుషుడు వచ్చి వెయ్యి, లక్ష, కోటి, అర్ధరాజ్యం, మొత్తం రాజ్యం ఇస్తానన్నాడు. ఏదీ ఆయన వెల కాదు. చివరికి ఒక ఆవును వెలగా ఒప్పుకున్నాడు. ఆ ఆవును జాలరుల దగ్గర దానంగా తీసుకుని, వాళ్లను, వాళ్లతో పాటు ఆ చేపలను కూడా స్వర్గానికి పంపాడు. జాలరుల ‘తెలియక చేశాం’ అన్న మాటను ఋషి కాదనలేదు. అక్కడితో ఊరుకోనూ లేదు. వలలో పడ్డదానికి వెల కట్టాకే లేచాడు.

గాలం వేసేవాడి దగ్గర రాజ్యం లేదు, ఆవు లేదు. ఉన్నవి చిన్న పనులు. ముల్లు వెనక్కి పట్టే కొన లేని కొక్కెం వాడితే కోరని చేప పెదవి చీరకుండా ఊడుతుంది. చేతులు తడుపుకుని పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర చెదరదు. అది గాలిలో ఉండే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. ఇక్కడి జెల్లకు, చిన్న రవ్వకు ఈ జాగ్రత్తలు సరిపోతాయి. దెయ్యం చేప తగిలినప్పుడు సరిపోవు. దాన్ని నీళ్లలో వదిలితే చెరువుకు కీడు. ఇంటికి తీసుకెళ్దామంటే ఆ కవచం కింద దొరికే మాంసం కొంచెమే. తల మీద గట్టిగా ఒక్క దెబ్బ వేసి పాతిపెట్టడం అందులో తక్కువ క్రూరమైన దారి. కానీ ఆ దెబ్బ వేయడానికి సంకల్పం కావాలి, పాపభయం అడ్డొస్తుంది. అందుకే చాలామంది దాన్ని గట్టు మీద పడేసి, తాము చంపలేదని చేతులు దులుపుకుంటారు.

నీళ్లు లేకుండా ఆ చేప గంటల తరబడి బతుకుతుంది. మధ్యాహ్నం దుమ్ములో పడ్డది, సాయంత్రం అతను బెండు, తంగూసు చుట్టుకుని, సంచిలో రెండు రవ్వలతో స్కూటర్ ఎక్కేటప్పటికి కూడా మొప్పలు కదుపుతూనే ఉంటుంది.